బద్ధకస్తుల వాక్యం

మా సండేస్కూలు టీచరమ్మ ప్రభువునందు నిద్రించారని సంఘం గ్రూపులో మెసేజ్ వచ్చేసరికి నేను గంపలగూడెం నుంచి తిరువూరు వచ్చే షేర్ ఆటోలో ఇద్దరాడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. చదివాను. మళ్లీ చదివాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నిద్రించారట. ఆదివారం కోడి కూయకముందే లేచే మనిషి, ప్రసంగంలో కునికే పెద్దమనుషుల్ని దగ్గి మరీ లేపే మనిషి. నిద్రకీ ఆవిడకీ ఎప్పుడు పడిందని? పోయారు అని రాయొచ్చుగా. పక్కనున్నావిడ నా ముఖం చూసి ఏమైందమ్మా అంటే నేను ఆ మాటే చెప్పాను, మా టీచరమ్మ పోయారండి అని. ఆవిడ నా ఒళ్లో ఉన్న కూరల సంచీ తీసుకుని తన కాళ్ల దగ్గర పెట్టుకుంది.

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం దుఃఖం ఒక్కటే కాదు. జ్ఞాపకార్థ కూడికలో మా సంఘ పెద్ద మైకు పట్టుకుని, ఆవిడ చాలా మెత్తని మనిషనీ, ఎవరినీ నొప్పించి ఎరగదనీ, పెద్దల మాటకు ఎదురు చెప్పలేదనీ అన్నారు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఆవిడ నొప్పించని పెద్దమనిషి మా సంఘంలో లేడు. అందరికంటే ఎక్కువ నొప్పించింది ఆ మైకు పట్టుకున్నాయన్నే. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు కదా, నేనూ మంచే చెబుతున్నాను. ఎదురు చెప్పడమే ఆవిడలోని మంచి. ఆ కూడిక చివర్లో ఆయన ఇంకో ప్రకటన కూడా చేశారు. అది మీకు అర్థం కావాలంటే ముందు మా సండేస్కూలు హాజరు సంగతి చెప్పాలి.

మా దగ్గర పేరు పిలిస్తే 'ప్రెజెంట్' అంటే కుదరదు. లేచి నిలబడి ఒక కంఠత వాక్యం చెప్పాలి. అది చెబితేనే హాజరు. వారమంతా బడికీ, సెలవొస్తే పత్తి చేలకీ తిరిగే పిల్లలకు వాక్యం సంగతి గుర్తొచ్చేది చర్చి మెట్లెక్కేటప్పుడే. అందుకని ప్రతి ఒక్కరి దగ్గరా ఆపద్ధర్మానికి ఒక వాక్యం సిద్ధంగా ఉండేది. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడని చెప్పే వాక్యం. అంతకంటే చిన్నది బైబిల్లో లేదని పిల్లల లెక్క. పెద్దలు దానికి బద్ధకస్తుల వాక్యం అని పేరు పెట్టారు. ఒక ఆదివారానికి అది ఒక్కరికే చెల్లుతుందని కట్టడి కూడా చేశారు. దాంతో పేరు ముందున్న పిల్లలకు పండగ. వాళ్లు అనేస్తే, తర్వాతివాళ్లు నీళ్లు నమలడమే.

టీచరమ్మ వచ్చాక ఆ కట్టడి ఎత్తేశారు. ఎంతమంది చెప్పినా సరే. గ్రంథంలో ఉన్నట్టు అప్పజెప్పకుండా, ఇంట్లో మాట్లాడే మాటల్లో "యేసు ఏడ్చాడండి" అన్నా సరే. కానీ హాజరు వేసి ఊరుకునేవారు కాదు. "ఎవరి కోసం?" అని అడిగేవారు. మొదటివాడు లాజరు కోసం అనేవాడు. ఆ తర్వాత చెప్పినవాళ్లు ఇంకెవరి పేరైనా వెతుక్కోవాలి. మా తాతకి పక్షవాతం వచ్చిందండి, తాత కోసం. మా దూడ చచ్చిపోయిందండి, దాని కోసం. ఒకడు లేచి, నాకు లెక్కల్లో సున్నా వచ్చిందండి, నా కోసం అన్నాడు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. నీ కోసమే, మాస్టారు గట్టిగా కొట్టారా అని అడిగి, వాడి అరచెయ్యి తిప్పి చూశారు.

వారంలో మిగతా రోజులు ఆవిడ పెనుగొలను వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. పిల్లల్లో ఎవరు ఆకలి మీదున్నారో, ఎవరింట్లో రాత్రి గొడవ జరిగిందో గుమ్మంలో చూడగానే పసిగట్టేవారు. జాకెట్టుకి ఎప్పుడూ రెండు పిన్నీసులు ఉండేవి. గుండీ ఊడిన చొక్కా కనిపిస్తే ఒకటి దానికి పోయేది. చర్చి కిటికీలో కొబ్బరినూనె సీసా, పెద్దపళ్ల దువ్వెన పెట్టుకుని, ప్రార్థన మొదలయ్యేలోపు చింపిరి జుట్టుతో వచ్చిన ఆడపిల్లలందరికీ జడలు వేసేవారు. చర్చి పక్కింట్లో ఉండే రైతు భార్య, ప్రతి శనివారం నెమలి ఊరి వేణుగోపాలస్వామికి మొక్కే మనిషి, ఆదివారం పొద్దున్నే కనకాంబరాల మాల పంపేది. దాన్ని తుంపి తలా ఒక ముక్క పెట్టేవారు. పూలు లోకాశలని పెద్దలకు అభ్యంతరం. "పొలంలో గడ్డిపూలకి అంత సింగారం చేసింది ఆయనే కదండీ. జడలోకి వస్తే చేదయిపోయాయా?" అని ఆవిడ చేతిలో పని ఆపకుండానే అడిగారు. మన తలవెంట్రుకలు దేవుడికి లెక్క తెలుసని ప్రసంగంలో వస్తే, ఆవిడ మా చెవి దగ్గరకు వంగి, "లెక్క ఆయన చూసుకుంటాడు. చిక్కు మాత్రం మనమే తీసుకోవాలి" అనేవారు. పేలు కూడా లెక్కపెట్టే ఉంటాడులే అని ఇంకో మాట కలిపేవారు.

వేసవి సెలవుల్లో పిల్లల కూటాలు పెడితే పై ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చి, గోడకి నరకం బొమ్మ తగిలించాడు. మంటలు, ఆ మంటల్లో పిల్లలు. మాట విననివాళ్లు అక్కడికి పోతారని కర్రతో చూపిస్తుంటే వెనక వరసలో ఒక పసిది భయంతో చాప తడిపేసింది. టీచరమ్మ లేచి వెళ్లి ఆ బొమ్మని గోడవైపు తిప్పేశారు. "మా పిల్లలు తిరువూరు ఎండల్లో పుట్టారండి. మంటలు కొత్తగా చూపించక్కర్లేదు" అని, ఆ పసిదాన్ని ఎత్తుకుని బట్టలు మార్చడానికి తీసుకుపోయారు. భయపెట్టి తెచ్చిన భక్తి బడిగంట కొట్టగానే గోడ దూకి పారిపోతుందని ఆవిడ తరచు అనే మాట. ఆ బోధకుడు మళ్లీ మా ఊరు రాలేదు. తర్వాత చాలా రోజులు ఆవిడతో మాట్లాడని పెద్దలున్నారు. ఆవిడకి అదొక విశ్రాంతి.

ఇక నా సంగతి. నేను మూడో తరగతిలో ఉండగా మా అమ్మ ఇల్లు వదిలి వెళ్లిపోయింది. వెళ్లిపోయింది అని ఊరంతా అన్నది గానీ, తరిమింది ఎవరని ఒక్కరూ అడగలేదు. మా నాన్న తాగి కొట్టే చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది. ఆ చప్పుడు వినని చెవులకి అమ్మ వెళ్లిన సంగతి మాత్రం తెల్లారేసరికి తెలిసిపోయింది. చర్చిలో ఆమె పేరు ఎత్తడం మానేశారు. నన్ను నాయనమ్మ పెంచింది. బోరింగు దగ్గర బిందె నింపుకుంటుంటే ఒకావిడ నాకు వినపడేలా, తల్లి చేసిన పాపం పిల్లకి తగలకుండా పోతుందా అంది. నేను నమ్మాను. ఎనిమిదేళ్ల పిల్లని, పెద్దవాళ్లు చెబితే నమ్మక ఏం చేస్తాను? దేవుడికి నేనంటే గిట్టదు కాబట్టే అమ్మని తీసుకుపోయాడని లోపల ఖాయం చేసుకున్నాను. అంతకుముందు కీర్తనలకు కీర్తనలు అప్పజెప్పేదాన్ని, ఒక్కటీ నోటికి రాకుండా పోయింది. హాజరుకి ఆ చిన్న వాక్యమే చెప్పేదాన్ని. ఎవరి కోసం అని టీచరమ్మ అడిగితే తల వంచుకునేదాన్ని. ఆవిడ కాసేపు ఆగి, పర్లేదు, కూర్చో అనేవారు. మళ్లీ ఆదివారం మళ్లీ అడిగేవారు.

ఒకరోజు జడ వేస్తూ, రాత్రిళ్లు ఏడుస్తున్నావా అని అడిగారు. నాకు ఏడుపు రావట్లేదని చెప్పాను. దేవుడికి నేను ఇష్టం లేదు కదా, ఏడిస్తే మాత్రం ఎవరు వింటారు అని కూడా అన్నాను. దువ్వెన ఒక్క క్షణం ఆగింది.

"ఎవరే నీకా మాట చెప్పింది?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఆయన లాజరు సమాధి దగ్గరికి వెళ్లి, ఎవరి తప్పమ్మా ఇది, ఎందుకు చచ్చాడమ్మా అని అడగలేదు. ముందు ఏడ్చాడు. తర్వాతే ఏం చేసినా. నీకు ఏడుపు రాకపోతే ఊరుకో, నీ వంతు కూడా ఆయన ఏడుస్తున్నాడులే. తల కదపకు, పాపిట వంకరైపోతుంది."

ఆ మాట నేను నమ్మానని ఇప్పుడు రాయడం తేలిక. అప్పుడు నమ్మలేదు. కాకపోతే పాపిట తిన్నగా వచ్చింది.

ఆ ఏడు పిల్లల ఆదివారం వచ్చింది. ఆ రోజు పిల్లల హాజరు సంఘం అంతటి ముందూ జరుగుతుంది. వేదిక మీద నుంచి సంఘ పెద్దే, అప్పుడూ ఈయనే, పేర్లు పిలుస్తారు. తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని, పిల్ల తడబడితే పెదాలు కదిలించి అందిస్తుంటారు. నాకు అందించేవాళ్లు లేరు. నాయనమ్మకి చదువు రాదు. నా పేరు పిలిచారు. లేచి, యేసు ఏడ్చాడండి అన్నాను.

అది లెక్కలోకి రాదు, ఇంకోటి చెప్పమన్నారు ఆయన. నేను నిలబడ్డాను. ఇంకోటి అన్నారు. నిలబడ్డాను. ఆయన నన్ను వదిలి సంఘం వైపు తిరిగి, "ఇంట్లో తల్లి అనేది ఉంటే కదండీ నేర్పడానికి" అన్నారు. కొంతమంది నవ్వారు. నవ్వనివాళ్లు చాప మీద గీతలు చూస్తూ కూర్చున్నారు. ఎవరు ఎక్కువ తప్పు చేశారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

చాప మీద పిల్లల మధ్య కూర్చున్న టీచరమ్మ లేచి నిలబడ్డారు. "నా పేరు పిలవండి" అన్నారు.

ఇది పిల్లల హాజరు కదమ్మా అన్నారు ఆయన.

"నేనూ ఈ క్లాసులోదాన్నే. పిలవండి."

ఆయనకు వేరే దారి దొరకలేదు. టీచరమ్మ గారు అని పిలిచారు. పెద్ద పెద్ద అధ్యాయాలు కళ్లు మూసుకుని వల్లించే మనిషి, ఆవిడ నోట ఎంత పొడుగు వాక్యం వస్తుందోనని అందరూ చూస్తున్నారు.

"యేసు ఏడ్చాడండి" అన్నారు ఆవిడ. అని, ఆయన్ని కూర్చోనివ్వలేదు. "ఎవరి కోసమని అడగరేంటి? మా క్లాసులో అడుగుతాం. ఈ పిల్ల కోసం. వాళ్లమ్మ కోసం." మా అమ్మ పేరు పలికారు. నెలల తర్వాత ఆ గోడల మధ్య మా అమ్మ పేరు వినడం అదే మొదటిసారి. "ఇప్పుడు చెప్పండి, నాది లెక్కలోకి వస్తుందా, నన్ను కూడా నిలబెడతారా?"

ఆయన తర్వాతి పేరు పిలిచారు. టీచరమ్మ కూర్చోలేదు. నా పక్కకి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, చివరి పిల్ల వాక్యం అయ్యేదాకా నాతో పాటే నిలబడ్డారు. ఆ చేతికి కొబ్బరినూనె వాసన. నెలల తరబడి రాని ఏడుపు అప్పుడొచ్చింది, ముక్కూ మూతీ ఏకమై. ఆవిడ కొంగుతో తుడిచారు. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని ఎవరో చెబితే నేను తెలుసుకోలేదు. నా పక్కన నిలబడ్డ ఒక మనిషిని బట్టి తెలుసుకున్నాను. ఈ మాట వేదాంతం తెలిసినవాళ్లకు నచ్చకపోతే నేనేం చెయ్యలేను.

ఇంత జరిగాక పెద్దలు ఊరుకుంటారా? సంఘం ముందు క్షమాపణ చెప్పమన్నారు. పిల్లకి చెప్పండి, తర్వాత నేను మీకు చెబుతాను అన్నారు ఆవిడ. క్లాసు నుంచి తీసేశారు. సరేనని ఆవిడ ఆదివారం తన ఇంటి వరండాలో చాప వేసుకుని, నూనె సీసా పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మేమెవరం కబురు చేసుకోలేదు. కానీ పొద్దునయ్యేసరికి ఆ వరండా మెట్ల నిండా చిన్న చిన్న చెప్పులే. చర్చిలో కొత్త టీచరు ఖాళీ చాపకి కథ చెప్పుకోవాల్సొచ్చింది. కొన్ని వారాలు చూసి, పాస్టరు గారే స్వయంగా వచ్చి ఆవిడని పిలుచుకుపోయారు. ఇక మీదట పెద్దల మాట వినాలి అన్నది షరతు. ఆవిడ విననూ లేదు, వింటానని అబద్ధమూ ఆడలేదు. పిల్లలకి ఆలస్యమవుతోందండి అని ముందు నడిచారు.

అప్పట్నుంచి హాజరు పట్టీలో చివరి పేరు ఆవిడదే. పిల్లలందరి తర్వాత, పేర్లు పిలిచే అమ్మాయి "టీచరమ్మ" అని పిలవాలి. ఆవిడ లేచి ఆ చిన్న వాక్యమే చెప్పాలి. పండగైనా, బయటి నుంచి పెద్ద బోధకులొచ్చి కూర్చున్నా ఇంకో వాక్యం చెప్పలేదు. ఎవరి కోసం అని పిల్లలు గోలగా అరిచేవారు. ఆ వారం ఎవరి ముఖం వాడిపోయి ఉందో వాళ్ల పేరు చెప్పేవారు. మా నాన్న చనిపోయిన వారం ఆయన పేరు చెప్పారు. నాకు అప్పుడు ఆవిడ మీద కోపం వచ్చింది. ఆయన కోసం కూడానా అని బయటికొచ్చాక నిలదీశాను. "నువ్వు ఏడవక్కర్లేదు. ప్రభువు ఇష్టం ప్రభువుది" అని తాళం వేసుకుని వెళ్లిపోయారు. ఎదురు చెప్పే గుణం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి నేను చాలాకాలం ఒప్పుకోలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక అమ్మని వెతికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నాతోనే ఉంటుంది. టీచరమ్మ పోయిన రోజు పెట్టెలో పెట్టేముందు ఆడవాళ్లందరూ తల దువ్వడానికి తడబడుతుంటే అమ్మ ముందుకొచ్చి దువ్వెన తీసుకుంది. అమ్మ ఆ చర్చి వాళ్ల మధ్యకి రావడం అన్నేళ్ల తర్వాత అదే. ఎవరూ ఏమీ అనలేదు. అననివ్వకూడదని నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను. అమ్మ తొందరపడలేదు. చిక్కు తీసి, నూనె రాసి, పాపిట తిన్నగా తీసింది. పక్కింటి రైతు భార్య తెచ్చిన కనకాంబరాలు తురిమింది.

ఇప్పుడు ఆ ప్రకటన సంగతి. జ్ఞాపకార్థ కూడికలో, ఆవిడ మెత్తదనాన్ని అంతసేపు పొగిడిన ఆ సంఘ పెద్దే, వచ్చే ఆదివారం నుంచి క్లాసు పద్ధతిగా నడుపుదామన్నారు. పెద్ద వాక్యాలే చెప్పాలి. ఆ చిన్నది చెల్లదు. అది చెప్పినవాళ్లకి హాజరు లేదు, క్రిస్మస్‌కి బహుమతీ లేదు. కొత్త టీచరు కుదిరేదాకా ఎవరైనా చూసుకోమన్నారు. నేను చూసుకుంటానని చెయ్యెత్తాను.

ఆదివారం వెళ్లాను. కిటికీలో నూనె సీసా అడుగంటి ఉంది. ఉన్నంతలో జడలు వేశాను. ఆ పెద్దాయన వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నారు. ఇప్పుడాయనకి చేతికర్ర. పేర్లు పిలిచే అమ్మాయి ఏడో తరగతి. నేను పట్టీ ఒళ్లో పెట్టుకున్నాను. పిల్లలు ఒక్కొక్కరే లేచి, కొత్తగా బట్టీపట్టిన పెద్ద వాక్యాలు ఊపిరి బిగబట్టి చెప్పి కూర్చుంటున్నారు. నేను జడ వేసినవాళ్లలో ఒక చిన్నపిల్ల ఉంది. తండ్రి ఈమధ్యే ఇల్లొదిలి పోయాడని ఆ పూటే విన్నాను. దాని పేరు పిలిస్తే లేవలేదు. దానికి వచ్చింది ఒక్కటే. అది చెల్లదని దానికి ఇంట్లో చెప్పి పంపించారు. గుమ్మం వైపు చూసి, తల దించుకుంది. ఆ పేరు దాటిపోయింది. నేను కలం పట్టుకుని ఆ గడి దగ్గరే ఆగిపోయాను.

చివరి పిల్ల అయిపోయింది. పేర్లు పిలిచే అమ్మాయి అలవాటు కొద్దీ "టీచరమ్మ" అని పిలిచింది. పిలిచాక గుర్తొచ్చి నోరు మూసుకుంది.

ఆ చిన్నపిల్ల లేచి నిలబడింది. తన పేరుకి లేవనిది, ఆవిడ పేరుకి లేచింది.

"యేసు ఏడ్చాడండి" అంది.

గుమ్మం దగ్గర కర్ర నేలకి తగిలిన చప్పుడైంది. నేను అటు చూడలేదు. పిల్లనే చూస్తూ, ఎవరి కోసం అని అడిగాను.

"టీచరమ్మ కోసం" అని, కాస్త ఆగి, "నా కోసం కూడానండి" అంది.

నేను ఇద్దరికీ హాజరు వేశాను.